కిటికీ బయట నిలబడినవాడు: ఇరవై రెండేళ్లకు పూర్తిగా చూసిన ‘ది సిక్స్త్ డే’

2003 వేసవిలో, మా డిగ్రీ ఆఖరి పరీక్షలు అయిపోయిన వారానికి, అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక సీడీల అంగట్లో రోజుకు పది రూపాయల అద్దెకు ఈ సినిమా తెచ్చుకున్నాం, నేనూ మా తమ్ముడూ. రెండు డిస్కుల వీసీడీ. అట్ట మీద ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ బొమ్మ ఉంటే చాలు, కథేమిటని అడిగే వయసు కాదు. మొదటి డిస్కు బాగానే ఆడింది. రెండోది పావుగంట ఆడాక ఆర్నాల్డ్ ముఖం గళ్లు గళ్లుగా చెదిరిపోయి ఆగిపోయింది. బనియన్ గుడ్డతో తుడిచాం. టూత్‌పేస్టు రాసి కడిగాం. ఊహూఁ. మరునాడు వాపసు ఇస్తే, గీతలు మీరే పెట్టారని అంగడాయన మా దగ్గరే యాభై రూపాయలు పట్టుకున్నాడు.

ఆ రాత్రి మిద్దె మీద పడుకొని ఇద్దరం పందెం వేసుకున్నాం. సినిమాలో ఇద్దరు ఆర్నాల్డులు ఉంటారు, ఒకడు ఇంట్లో, ఒకడు బయట. ఇంట్లో దూరినవాడే నకిలీ అని నేను. కాదు, బయట నిలబడినవాడే నకిలీ అని మా తమ్ముడు. గెలిచినవాడికి ఓడినవాడు ఉగ్గాణి బజ్జి కొనియ్యాలి. డిస్కు ఆడలేదు కాబట్టి పందెం తేలలేదు. తర్వాత ఉద్యోగాలు, పెళ్లిళ్లు, అరటి మొక్కలు. సినిమా నా తలలో సగానికే ఆగిపోయింది.

మొన్న మా పాప, ఇంటర్ బైపీసీ, జెనెటిక్స్ పాఠం చదువుతూ “నాన్నా, క్లోనింగ్ మీద మంచి సినిమా ఏదన్నా ఉందా” అని అడిగితే ఇది గుర్తొచ్చింది. ఫోనులో అద్దెకు దొరికితే టీవీకి కలిపి, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పెట్టుకొని చూశాం. రెండు గంటల పైన ఓ మూడు నిమిషాలు ఉంటుంది.

ముగింపు దాచిపెట్టి ఈ సినిమా గురించి రాయడం నా వల్ల కాదు. చూడాలనుకునేవాళ్లు ఇక్కడ ఆగి, చూసి రండి. 2000 సంవత్సరంలో వచ్చిన సినిమా కాబట్టి తిట్టరనే ధైర్యం.

ముందు నేనెవరో చెప్పాలి, లేకుంటే నా పట్టింపు మీకు అర్థం కాదు. మేమిద్దరం కవలలం. ఒకే పిండం రెండుగా చీలిన రకం, అచ్చు గుద్దినట్టు ఉంటాం. కడుపుతో ఉన్నప్పుడు అమ్మ తోటలో జంట అరటిపండు తినిందని, అందుకే ఇద్దరం పుట్టామని మా అవ్వ పోయేదాకా నమ్మింది. ఆసుపత్రి కాగితం ప్రకారం నేను 14 నిమిషాలు పెద్ద. అవ్వ లెక్క వేరే. లోపలికి ముందు పోయినవాడే బయటికి ఆఖరున వస్తాడు, కాబట్టి వెనక పుట్టినవాడే పెద్ద. ఆ లెక్కన మా ఇంట్లో ఎవరు అన్న, ఎవరు తమ్ముడు అన్నది ఇప్పటికీ పెండింగే. కాగితం నా వైపుంది కాబట్టి ఇక్కడ తమ్ముడనే రాస్తున్నాను.

ఇంకో సంగతి, నా బతుకుదెరువే క్లోన్లు. నార్పల దగ్గర షేడ్‌నెట్ కింద జి-9 అరటి మొక్కలు పెంచి అమ్ముతాను. ల్యాబు నుంచి వేలెడంత పిల్లమొక్కలు వస్తాయి. కొన్ని వారాలు ట్రేలలో, కొబ్బరిపొట్టులో. తర్వాత ఇంకొన్ని వారాలు కవర్లలో. ఐదారు ఆకులు వేసి, ఎండకు నిలబడగలదు అనిపించాక పుట్లూరు, యల్లనూరు వైపు రైతులకు ఇస్తాను. ఒక మంచి తల్లిచెట్టు పిలక కొసలో తీసిన ముక్క నుంచి వేలకు వేలు. ఆరడుగులకొకటి చొప్పున నాటితే ఎకరాకు 1,200. అంటే ఎకరాకు 1,200 కవలలు. క్లోన్ అనే మాట వింటే సినిమాల్లో జనం ఉలిక్కిపడతారు. మా వైపు రైతు “లోడు ఎప్పుడు దింపుతావప్పా” అంటాడు.

మా తమ్ముడు తాడిపత్రిలో ఆర్టీసీ కండక్టరు. నా దగ్గర మొక్కలు కొన్నవాళ్లు బస్సెక్కి వాణ్ణి తిడతారు. “ఏమప్పా, నీ మొక్కలు పది శాతం పొట్టిగానే నిలబడిపోయినాయే, డబ్బులు వాపసియ్యి” అని. వాడు మొదట్లో నేను కాదని చెప్పుకునేవాడు. ఇప్పుడు “సరేలేన్నా, చూస్తాం” అని టికెట్ కొట్టి ఇచ్చేస్తున్నాడంట.

ఇక సినిమా. కొన్నేళ్ల తర్వాతి కాలంలో జరిగే కథ. మనిషిని క్లోన్ చేయడం నేరం. ఆ చట్టం పేరే సినిమా పేరు. బైబిల్లో దేవుడు మనిషిని చేసింది ఆరో రోజున కదా, అక్కడి నుంచి తీసుకున్నారు. జంతువులకు మాత్రం అడ్డు లేదు. కుక్క చచ్చిపోతే మాల్‌లో ‘రీపెట్’ అనే అంగడికి పోయి అదే కుక్కను మళ్లీ తెచ్చుకోవచ్చు. ఆడమ్ గిబ్సన్ హెలికాప్టర్ నడుపుతుంటాడు. తన పుట్టినరోజు నాడే డ్రక్కర్ అనే పెద్ద కంపెనీ యజమానిని మంచుకొండ మీదికి తీసుకెళ్లాలి. అదే రోజు ఇంట్లో కుక్క పోతుంది. దాని సంగతి చూడ్డానికి ఆడమ్ ఆగిపోతే, అతని బదులు, అతని పేరు మీద స్నేహితుడు హాంక్ పోతాడు. కొండ మీద క్లోనింగ్ అంటే పడనివాడొకడు డ్రక్కర్‌నూ హాంక్‌నూ చంపేస్తాడు. చచ్చింది ఆడమ్ అనుకొని, గుట్టు బయటపడకుండా కంపెనీవాళ్లు ఆడమ్‌కు క్లోన్ తయారు చేస్తారు. కూతురికి బొమ్మ కొనుక్కొని ఇల్లు చేరిన ఆడమ్‌కు తన ఇంట్లో తానే కనిపిస్తాడు. పుట్టినరోజు సంబరం నడుస్తుంటుంది. భార్య, బిడ్డ, చుట్టాలు, మధ్యలో తను.

ఈ ఒక్క సీను కోసం సినిమా చూడొచ్చు. ఆర్నాల్డ్ గొప్ప నటుడని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఇక్కడ ఆయన ఏమీ చేయడు. చేతిలో బొమ్మ పెట్టె పట్టుకొని చూస్తూ ఉంటాడు. అంత పెద్ద శరీరం ఉన్న మనిషి తన ఇంటి ముందే పనికిరానివాడిలా నిలబడిపోతాడు. ద్విపాత్రాభినయం మనకు కొత్త కాదు. మన సినిమాల్లో ఒకడికి మీసం ఉంటుంది, ఒకడికి బుగ్గన పుట్టుమచ్చ ఉంటుంది, ఒకడు అమాయకుడు, ఒకడు గడసరి. చూసేవాడికి చిక్కు రాకుండా అన్నీ అమర్చి పెడతారు. ఇందులో ఆ గుర్తులేవీ లేవు.

నాకు ఆ సీను ఎందుకు తగిలిందో చెబుతా. మా పాపకు ఏడాదిన్నర ఉన్నప్పుడు, మొక్కల లోడు దింపించి రాత్రి పొద్దుపోయాక ఇంటికొచ్చాను. గడప దగ్గర చెప్పులు విడుస్తూ చూస్తే, పాప మా తమ్ముడి భుజం మీద తల పెట్టుకొని “నాన్న, నాన్న” అంటూ నిద్రలోకి జారుకుంటోంది. వాడు నన్ను చూసి, లేపొద్దని వేలు అడ్డం పెట్టాడు. నేను అట్లే నిలబడ్డాను. కోపం కాదు. వాడి మీద కోపమేముంటుంది? నేను లేకపోయినా ఇక్కడ ఏ లోటూ లేదు అనే మాట ఒకటి ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంది. మరునాడు పాప నన్నే పట్టుకుంది. నా చొక్కాకు కొబ్బరిపొట్టు వాసన వస్తుందని, దాంతో గుర్తుపడుతుందని మా ఆవిడ అనింది. మొన్న ఆ సీను వచ్చినప్పుడు అదే పాప నా పక్కన కూర్చొని బొరుగులు తింటోంది. నేనేమీ చెప్పలేదు.

సైన్సు దగ్గరికొస్తే సినిమా బొక్కబోర్లా పడుతుంది. ఇందులో నీళ్ల తొట్లలో ఏ ముఖమూ లేని శరీరాలు తేలుతూ ఉంటాయి. కావలసినవాడి డీఎన్ఏ ఎక్కిస్తే గంటల్లో వాడైపోతుంది. తర్వాత, అసలు మనిషి కంట్లోకి ఒకసారి వెలుగు కొట్టి తీసుకున్న జ్ఞాపకాలన్నీ దాని తలలోకి పోస్తారు. మా పాప అక్కడే పాజ్ కొట్టి “ఇది క్లోనింగ్ కాదు నాన్నా, ఫోన్ బ్యాకప్” అనింది. సరిగ్గా పట్టింది. క్లోనింగ్ అంటే ఒకే జన్యువులతో ఇంకో ప్రాణి మొదటి నుంచీ పుట్టడం. నాకు ఈరోజు క్లోన్ చేస్తే వచ్చేది నలభై మూడేళ్ల మనిషి కాదు, పాలకు ఏడ్చే పిల్లవాడు. నాకంటే నలభై మూడేళ్లు వెనక పుట్టిన కవల తమ్ముడు, అంతే. వాడికి 2003 తెలియదు, సప్తగిరి సర్కిల్ తెలియదు.

ఈ సినిమా తీసే కాలానికి డాలీ గొర్రె వార్త ఇంకా వేడిగా ఉంది. స్కాట్లాండ్‌లోని రోస్లిన్ సంస్థలో 1996 జూలై 5న అది పుట్టింది, లోకానికి చెప్పింది 1997 ఫిబ్రవరిలో. ఆరేళ్ల గొర్రె పొదుగులోని కణాన్ని తీసి, కేంద్రకం తీసేసిన అండంతో కలిపితే పుట్టింది. అట్లా కలిపినవి 277. బతికి బట్టకట్టింది ఒక్కటి. నా నర్సరీలో 277 మొక్కలకు ఒకటి దక్కితే మరునాడే గేటుకు తాళం వేసుకోవాలి. మేము సీడీ అద్దెకు తెచ్చుకున్న ఏడాదే ఫిబ్రవరి 14న డాలీ ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. మనిషికి క్లోన్ పుట్టిందని అంతకు రెండు నెలల ముందు విదేశాల్లో ఒక బృందం ప్రకటన ఇచ్చింది. రుజువు ఇప్పటిదాకా చూపలేదు. మన దేశంలో కర్నాల్ పాడి పరిశోధన సంస్థ 2009 ఫిబ్రవరిలో గేదె దూడను క్లోన్ చేస్తే అది కొద్దిరోజులే బతికింది. అదే జూన్‌లో పుట్టిన గరిమ అంతకంటే ఎక్కువ కాలం ఉంది. పని ఇంత కష్టంగా నడుస్తుంటే, ఈ సినిమాలో విలన్ మనుషులు పొద్దున చచ్చి సాయంత్రానికి చొక్కా మార్చుకొని వచ్చేస్తుంటారు.

అయినా ఆ విలన్ మనుషుల్లోనే నాకు నచ్చిన చిన్న ముక్క ఒకటుంది. వాళ్లలో ఒకామె చచ్చి మళ్లీ తయారై వచ్చాక, చెవులు మళ్లీ కుట్టుకోవాల్సి వస్తోందని విసుక్కుంటుంది. ఇది రాసినవాడెవడో గానీ చేయి కలపాలనిపించింది. నిజమే, చెవి రంధ్రం డీఎన్ఏలో ఉండదు. మా తమ్ముడికి ఎడమ కనుబొమ్మ మీద గాటుంది, ఆరో తరగతిలో చింతచెట్టు మీద నుంచి పడ్డప్పటిది. అమ్మ ఇప్పటికీ మొదట అక్కడికే చూస్తుంది. వేలిముద్రలు కూడా అంతే, కడుపులో ఉన్నప్పుడే ఎవరివి వారికి వేరుగా పడతాయి. నా ఫోను మా తమ్ముడి ముఖం చూసి టక్కున తెరుచుకుంటుంది. బ్యాంకు యాప్ దగ్గర మాత్రం బొటనవేలు అడుగుతుంది కాబట్టి ఇంకా కొంచెం డబ్బు మిగిలి ఉంది నా దగ్గర.

రీపెట్ అంగడి విషయంలో సినిమావాళ్లకు ఒక ఏడాది ఓపిక ఉండుంటే బాగుండేది. సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 2001 డిసెంబరులో, అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంవాళ్లు పిల్లిని క్లోన్ చేశారు. దాని పేరు సీసీ. కణం ఇచ్చిన పిల్లి రెయిన్‌బో మూడు రంగుల మచ్చల పిల్లి. పుట్టినదానికి ఆ నారింజ రంగే రాలేదు. ఆడపిల్లిలో ఉండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి కణానికొక తీరుగా మూతపడుతుంది కాబట్టి మచ్చల రంగు నకలు కాదని మా పాప చెప్పింది, వాళ్ల పాఠంలో ఉందంట. అంటే చచ్చిపోయిన పిల్లి కోసం ఏడుస్తూ పోయినవాడికి అంగట్లో వేరే రంగు పిల్లిని చేతిలో పెడతారన్నమాట. మా రైతులైతే అక్కడే కొట్లాటకు దిగుతారు.

ఆ కొట్లాట సంగతి నాకు బాగా తెలుసు. “ఒకే మొక్క అన్నావే, మరి నా తోటలో గెల పద్దెనిమిది కిలోలే వచ్చె, పక్కోనికి ముప్పై వచ్చె” అని వస్తారు. మొక్క ఒకటే అన్నా, నీ డ్రిప్పు ఒకటేనా? గట్టు పక్క వరుసకు నీళ్లు ఎక్కువ, చివరి వరుసలో ఉప్పు పట్టి రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు లేవు. మే నెల ఈదురుగాలికి పడమటి వైపు చెట్లు నడుములు విరిగి పడ్డాయి, తూర్పువి నిలబడ్డాయి. పైగా ల్యాబులోనే కొన్ని తేడా మొక్కలు పుడతాయి, పొట్టిగానో, ఆకు మీద మచ్చలతోనో. వాటిని ముందే ఏరి పారేయాలి. పారేయలేదంటే అది నర్సరీవాడి తప్పే, ఒప్పుకుంటాను. మా తమ్ముణ్ణి తిట్టినవాళ్లలో ఇద్దరి మాట నిజమే.

సినిమాలో అన్నిటికంటే బరువైన భాగం ఆర్నాల్డ్‌ది కాదు. క్లోనింగ్ కనిపెట్టిన డాక్టర్ వీర్‌ది, ఆయన భార్యది. రాబర్ట్ డువాల్ వేశాడు ఆ డాక్టరు పాత్ర. భార్య చచ్చిపోతే తట్టుకోలేక ఆయన ఆమెను క్లోన్ చేశాడు. ఆ క్లోన్ మళ్లీ జబ్బుపడింది. మంచం మీద ఉండి ఆమె అడిగేది ఒకటే, ఈసారి నన్ను తిరిగి తేవద్దు అని. సినిమాలో తుపాకులు పేలని నాలుగు నిమిషాలు అవే అనుకుంటా, నేనూ పాపా ఇద్దరం కదలకుండా చూసింది అవే. తర్వాత డాక్టరుకు తెలుస్తుంది, ఆమె జబ్బు దానంతట అది రాలేదని, క్లోన్లు తన గుప్పిట్లో ఉండాలని డ్రక్కరే వాళ్ల జన్యువుల్లో రోగం పెట్టించాడని. ఎదురు తిరిగిన డాక్టరును డ్రక్కర్ కాల్చేస్తాడు, భార్యాభర్తలిద్దరినీ మళ్లీ తయారు చేయిస్తానని ఓదారుస్తూ.

అరటివాడికి ఇక్కడ వెన్ను జలదరిస్తుంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటిపండ్ల కోసమే ఒక రైలు వేశారు. 980 టన్నులు. మా వైపు పండేది దాదాపు అంతా జి-9, అంటే ఆ రైల్లో పోయింది ఒక రకంగా ఒక్క చెట్టే. అందరూ ఒకటే అయినప్పుడు రోగమూ ఒకటి చాలు. ఒకప్పుడు ప్రపంచమంతా తిన్న గ్రోస్ మిషెల్ అనే అరటిని పనామా తెగులు గత శతాబ్దం మధ్యలో వ్యాపారంలో లేకుండా చేసింది. దాని స్థానంలో వచ్చిన కావెండిష్ కుటుంబానిదే మన జి-9. ఇప్పుడు ఆ తెగులులో ఇంకో రకం దీని వెంటపడుతోంది. మాకు రోగం పెట్టడానికి డ్రక్కర్ అక్కర్లేదు, ట్రాక్టరు చక్రానికి అంటుకొచ్చే మట్టి చాలు.

డ్రక్కర్ గురించి ఇంకో మాట. వాడూ క్లోనే. అసలు డ్రక్కర్ చచ్చి ఏళ్లయింది. చట్టం ప్రకారం క్లోన్‌కు ఏ హక్కూ లేదు కాబట్టి ఈ సంగతి బయటపడితే కంపెనీ, ఆస్తి అన్నీ పోతాయి. అందుకే ఇంత మందిని చంపుతాడు. సినిమా మొత్తంలో నాకు పూర్తిగా నమ్మబుద్ధి అయిన కారణం ఇదే. మా నాయన పోయాక ఆరెకరాలు పంచుకునేటప్పుడు ఎవరు పెద్ద అన్న మాట మళ్లీ వచ్చింది. బోరు ఉన్న ముక్క పెద్దవాడికని ఊళ్లో ఒక ఆనవాయితీ. కాగితం నా వైపు, అవ్వ మాట వాడి వైపు. ఆఖరికి చీటీలు వేశాం. బోరు వాడికి పోయింది. అవ్వ ఉండుంటే చూశారా అనేది.

ఇప్పుడు అసలు దెబ్బ. సినిమా మొత్తం మనం కిటికీ బయట నిలబడినవాడి వెంటే పరిగెడతాం. వాడే అసలు ఆడమ్, ఇంట్లో ఉన్నవాడు దొంగ అనుకుంటూ. చివరికి వచ్చేసరికి డ్రక్కర్ నవ్వుతూ చెబుతాడు, నువ్వే క్లోన్‌వి అని. క్లోన్‌కు కింది రెప్ప లోపల చుక్క ఉంటుంది, రెప్ప దించి చూసుకోమంటాడు. ఇంట్లో కేకు కోసినవాడే అసలు మనిషి.

ఇరవై రెండేళ్లు నేను తప్పు మనిషిని అసలు మనిషి అనుకున్నాను. పందెం మా తమ్ముడు గెలిచాడు.

మా పాప “అయ్యో పాపం” అనింది. నాకు మాత్రం పెద్ద షాక్ అనిపించలేదు, ఎందుకో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. “మీలో అసలు వాడెవడు, రెండోవాడెవడు” అని చిన్నప్పటి నుంచీ అడిగించుకున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు మేము అడిగినవాడి ముఖం చూడ్డం తప్ప ఏం చెప్పగలం? ఆర్నాల్డ్ కూడా ఒక నిమిషం అట్లే చూస్తాడు, తర్వాత చేయాల్సిన పని మొదలుపెడతాడు. ఇంట్లో ఉన్న ఆడమ్‌ను చంపి ఆ చోటు తీసుకోవాలని వాడికి తోచదు. వాడి భార్యాబిడ్డలను కాపాడ్డానికి వాడితోనే చేయి కలుపుతాడు. మనిషి అంటే ఏమిటని సినిమా రెండు గంటలు పెద్ద మాటలతో అడుగుతుంది గానీ, జవాబు దొరికేది మాత్రం ఇక్కడ, మాటల్లేని చోట. చివర్లో క్లోన్ ఆడమ్ ఓడెక్కి అర్జెంటీనా పోతాడు, అక్కడ హెలికాప్టర్ వ్యాపారం పెట్టుకోడానికి. వాడి జన్యువుల్లో రోగమేదీ పెట్టలేదని ముందే తెలుస్తుంది. అసలు ఆడమ్ హెలికాప్టర్‌లో వచ్చి సాగనంపుతాడు. అన్నదమ్ములు భాగాలు పంచుకొని విడిపోయినట్టే ఉంది. బోరు ఒకడికి, ఊరు దాటే బస్సు ఒకడికి.

మిగతాది గబగబా చెప్పేస్తా. దర్శకుడు రోజర్ స్పాటిస్‌వుడ్, అంతకుముందు 1997లో ఒక జేమ్స్ బాండ్ సినిమా తీశాడు. ఆ వాసన ఇందులోనూ పోలేదు. కథ ఎక్కడ లోతుకు దిగుతుందో అక్కడ కారో హెలికాప్టరో వచ్చి పేలుతుంది. లేజరు తుపాకుల కొట్లాటలు ఒక అరగంట తీసేసినా ఎవరూ అడగరు. కూతురి కోసం కొన్న మాట్లాడే బొమ్మ ఒకటుంది, దాన్ని చూసి మా పాప దిండు అడ్డం పెట్టుకుంది. చివర్లో సగం తయారైన డ్రక్కర్ ముఖం అన్నం తింటూ చూడొద్దు. చిన్నపిల్లలతో అసలే వద్దు. హాంక్ ఇంట్లో గాలిలో కనబడే ప్రియురాలి బొమ్మ 2000లో నవ్వుకోడానికి పెట్టినట్టున్నారు, ఇప్పుడు నవ్వు రావడం లేదు. మొదటి గంటకు ఐదుకు నాలుగు ఇస్తాను, ఆ డాక్టరు భార్య సీనుకు ఐదూ ఇస్తాను, కొట్లాటలకు రెండు. క్లోనింగ్ పాఠం చదివే పిల్లలకు చూపించండి, పక్కన కూర్చొని ఏది అబద్ధమో వాళ్లతోనే చెప్పించండి. మా పాప కాగితం మీద పదకొండు తప్పులు రాసింది.

సినిమా అయిపోయిన వెంటనే మా తమ్ముడికి ఫోన్ చేశాను. డ్యూటీ దిగి డిపోలో ఉన్నాడు.

“రేయ్, గుర్తుందా, ఆగిపోయిన సీడీ?”

“ఆర్నాల్డ్‌ది కదరా. యాభై రూపాయలు గుంజుకున్యాడు కదా ఆయప్ప.”

“పందెం నువ్వే గెలిచినావు. బయట నిలబడినోడే క్లోను.”

అవతల కాసేపు మాట లేదు. “నేనెప్పుడన్యా ఆ మాట? అనింది నువ్వు. లోపలున్నోడే నకిలీ అని నేనన్యా.”

కాదురా అంటే వినడు. మిద్దె మీద నేను ఎడమవైపు పడుకున్నానంట, లేచి కూర్చొని మరీ వాదించానంట, బయటున్నోడి కళ్లు చూడు తెలుస్తుంది అన్నానంట. నాకైతే ఆ మాటలు వాడి నోట్లోంచి వచ్చినట్టే గుర్తు. సీడీకి రాసింది టూత్‌పేస్టు కాదంట, అవ్వ పండ్లపొడి అంట. ఆ పొడితోనే గీతలు పడ్డాయని, అంగడాయన తప్పేం లేదని కూడా అన్నాడు. ఒకే డీఎన్ఏ, ఒకే మిద్దె, ఒకే రాత్రి. సినిమాలోవాళ్లకు కంట్లో వెలుగు కొడితే ఇద్దరికీ ఒకటే గుర్తుండిపోయింది. మాకు ఒక పందెం కూడా ఒకే తీరుగా గుర్తులేదు. అందులోనూ విచిత్రం, ఓడిపోయింది తనే అని ఇద్దరికీ గుర్తు.

వాడు ఆదివారం వస్తానన్నాడు. ఉగ్గాణి బజ్జి నేను కొనిస్తానని నేను, కాదు తను కొనియ్యాలని వాడు. టవర్ క్లాక్ దగ్గర మేమెప్పుడూ తినే బండి ముందే తేల్చుకోవాలి. పోయినసారి ఆ బండాయన నేనిచ్చిన నోటుకు చిల్లర వాడి చేతిలో పెట్టాడు.